జీలుగు చెట్టు – చిగురుపన్ను

రంప పితూరీ అనగానే మన రచయితలకు 1922 గుర్తుకొస్తుంది. అల్లూరి సీతారామరాజు మీద వచ్చినంత సాహిత్యం అంతకు 43 ఏళ్ల ముందు అదే కొండల్లో లేచిన తిరుగుబాటు మీద రాలేదు. 1879 నాటి ఆ తిరుగుబాటుకు కారణాలు వెతుకుతూ పోతే మనం ఒక చెట్టు దగ్గర ఆగవలసివస్తుంది. అది జీలుగు.

ఆనందపురం ప్రాంతపు బడిలో తెలుగు పాఠం చెబుతూ ఒకసారి జీలుగంటే ఏమిటని అడిగాను. ఎక్కువమంది పిల్లలు ‘కల్లు’ అన్నారు. మన్యం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న కుర్రాడొక్కడే ‘చెట్టండి’ అన్నాడు. మైదానానికీ మన్యానికీ మధ్య ఉన్న దూరం ఆ రెండు జవాబుల్లో ఉంది. మనకు తెలిసింది సరుకు. వాళ్లకు తెలిసింది చెట్టు.

ఈ చెట్టు స్వభావం తెలియకపోతే ఆ చరిత్ర అర్థం కాదు. జీలుగు ఒంటి కాండంతో పెరుగుతుంది, పిలకలు వేయదు. విత్తనం మొలిస్తేనే మరో చెట్టు. గెల వేయడానికి పదేళ్లకు పైగా పడుతుంది. మొదటి గెల తల దగ్గర వస్తుంది, తర్వాతవి ఒక్కొక్కటే కిందికి దిగుతూ వస్తాయి. చివరి గెలతో చెట్టు ఆయువు తీరుతుంది. కల్లు కోసం కోసిన గెల కాయ కాయదు. కాబట్టి ఏ గెల గీయాలి, ఏది విత్తనానికి వదలాలి అన్నది చెట్టు జాతి నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న. కాయలు తిని విత్తనాలు చల్లే పునుగుపిల్లి కూడా ఈ సేద్యంలో భాగస్వామే.

కొండరెడ్లకూ కోయలకూ జీలుగు పూజ్యమైన చెట్టు. దాని కల్లు దేవరకూ, గతించిన పెద్దలకూ నేల మీద కాస్త ఒలకబోసి తాగడం ఆచారం. పెళ్లిలో, పండగలో అది ఉండవలసిందే. ఇది కేవలం మత్తు కాదు. 1945లో కొండరెడ్ల మీద గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, వేసవి కరువు రోజుల్లో ఈ నీరు వాళ్లకు తిండి స్థానంలో ఉండటాన్ని గమనించాడు. గింజలు అడుగంటినప్పుడు కాండంలోని దవ్వను దంచి, పిండి తీసి, జావ కాచుకునేవారు. అందుకు చెట్టును కూల్చాలి గనుక, దాన్ని చివరి దిక్కుగా చూసేవారు. ఆ చెట్టును పూజ్యం చేసింది ఈ జీవనావసరమే.

ఈ జీవనాధారం మీద వలస ప్రభుత్వం చెయ్యి వేసింది. 1870లలో కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. గీత హక్కు పాటదారుల చేతికి పోయింది. దీనికి తోడు రంప మన్సబ్దారు ‘చిగురుపన్ను’ పేరుతో వసూళ్లు సాగించాడు. మైదానపు వర్తకులు అప్పుల దావాలు వేసి కొండవాళ్ల పశువులనూ పంటనూ పట్టుకుపోయారు. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు నడిపిన ఆ పోరాటం గోదావరి కొండల నుంచి విశాఖ జిల్లా గూడెం కొండల దాకా పాకింది. మద్రాసు సైన్యాన్ని దింపితే గాని అణగలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దానితో అడవి మీద కూడా ప్రభుత్వపు పట్టు బిగిసింది.

ఇక్కడ అభ్యుదయవాదికి ఒక సందేహం రావడం సహజం. మద్యపానం మాన్పించడం సంస్కరణ కాదా? సీతారామరాజే మన్యంలో తాగుడు మానమని బోధించాడు కదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా వద్దని పోరాడారు కదా? తాగుడు వల్ల ఇల్లు గుల్లయిన ఆడదాని బాధను తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు. అయితే రంపలో తమ కల్లు తమకు కావాలన్నవారికీ, దూబగుంటలో తమ ఊళ్లో సారా వద్దన్నవారికీ ఎదురుగా నిలబడింది ఒక్కడే – పాటదారు. వాడి వెనక ఆదాయం లెక్కపెట్టుకునే ప్రభుత్వం. ఉమ్మడి ఆచారం అదుపులో ఉన్న పానీయాన్ని అమ్మకపు సరుకుగా మార్చింది ఈ వ్యవస్థే.

నేడు పాటదారు రూపం మారింది. ఆనందపురం కూడలి నుంచి పెందుర్తి, శృంగవరపుకోటల మీదుగా అరకు ఘాటు ఎక్కే పర్యాటకులకు జీలుగు కల్లు ఒక వింత రుచి. గిరాకీ పెరిగిన కొద్దీ ప్రతి గెలా కత్తికి ఎర అవుతుంది. విత్తనానికి మిగిలేది ఉండదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో జీలుగు నీరా, బెల్లం, మొక్కల పెంపకం మీద పని జరుగుతున్నది. ఇది స్వాగతించదగినదే. పదేళ్లకు పైగా కాపు కోసం ఎదురుచూడవలసిన మొక్కను నాటాలంటే మాత్రం, ఆ చెట్టు తనదే అవుతుందన్న నమ్మకం గిరిజనుడికి ఉండాలి.

ఆ నమ్మకానికి చట్టంలో చోటుంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యాన్నీ, మత్తుపదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే అధికారాన్నీ గ్రామసభలకూ తగిన స్థాయి పంచాయతీలకూ ఇమ్మన్నది. 2006 అటవీ హక్కుల చట్టం ఫలసాయపు హక్కును మరోసారి గుర్తించింది. చెట్టును కాపాడటం, తాగుడును అదుపు చేయడం – ఈ రెండూ ఒకే సభ చేతిలో ఉండాలన్నది కొండవాళ్ల పాత పద్ధతే. చట్టం దాన్ని ఆలస్యంగా ఒప్పుకున్నది. ఆచరణలో పెట్టించుకోవడమే మిగిలిన పోరాటం.

మన్యం గురించి రాసేవారు వీరుడి విల్లంబుల దగ్గరే ఆగిపోకుండా, ఆ విల్లు ఎందుకు ఎక్కుపెట్టవలసివచ్చిందో చూడాలి. 1879లో జవాబు జీలుగు గెల దగ్గర దొరుకుతుంది. విత్తనానికి వదిలిన ఆ ఒక్క గెలను ఎవరు కాపాడుతున్నారో, ఎవరు కోసుకుపోతున్నారో రాయడం మన పని.