పందెపు గుర్రాల జ్ఞాపికలు: అసలు, నకిలీ

గెలుపు గుర్రాల గుర్తులను దాచుకునే అలవాటు ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం చివరికే ఉంది. అందుకు ఎక్లిప్స్ మంచి ఉదాహరణ. 1764లో పుట్టిన ఈ గుర్రం పాల్గొన్న 18 పందేల్లో ఒక్కటీ ఓడలేదు. 1789లో చనిపోయాక ఫ్రెంచి పశువైద్యుడు సాన్‌బెల్ దాని శరీరాన్ని కోసి పరిశీలించాడు. బంగారు తాపడం చేసిన దాని గిట్ట ఒకదాన్ని 1832లో రాజు నాలుగో విలియం గుర్రప్పందేల సంస్థ జాకీ క్లబ్‌కు బహూకరించాడు. గిరాకీ పెరగడంతో నకిలీలూ పుట్టుకొచ్చాయి. ఎక్లిప్స్‌వేనని నమ్మబలికిన అస్థిపంజరాలు ఆరు, గిట్టలు తొమ్మిది దాకా లెక్కకు వచ్చాయి. నాలుగు కాళ్ల జంతువుకు తొమ్మిది గిట్టలంటే అందులో కనీసం అయిదు దొంగవే. అప్పట్లో అమ్మేవాడి మాటే సాక్ష్యం.

20వ శతాబ్దంలో ఇలాంటి జ్ఞాపికలను భద్రపరిచే బాధ్యతను మ్యూజియంలు తీసుకున్నాయి. న్యూజిలాండ్‌లో పుట్టి, 1930లో మెల్‌బోర్న్ కప్ గెలిచిన ఫార్ లాప్ 1932 ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలో హఠాత్తుగా చనిపోయింది. దాని చర్మాన్ని మెల్‌బోర్న్, అస్థిపంజరాన్ని వెల్లింగ్టన్, గుండెను కాన్‌బెర్రా దక్కించుకున్నాయి. 6.2 కిలోల ఆ గుండె నిజంగా ఫార్ లాప్‌దేనా అన్న సందేహాలూ వచ్చాయి. చర్మం మాత్రం ఊహించని మేలు చేసింది. దాని జూలు వెంట్రుకలను 2000ల్లో సింక్రోట్రాన్ అనే యంత్రం వెలువరించే ఎక్స్‌రే కిరణాలతో పరీక్షించిన శాస్త్రవేత్తలు, చర్మాన్ని నిలవ ఉంచడానికి వాడిన ఆర్సెనిక్‌నూ ఒంట్లోకి వెళ్లిన ఆర్సెనిక్‌నూ వేరుచేసి గుర్తించారు. చావుకు ముందు చివరి 30–40 గంటల్లో గుర్రం ఒంట్లోకి పెద్ద మోతాదులో విషం చేరిందని తేల్చారు. చూసి మురిసిపోవడానికి దాచిన వస్తువు ఏడు దశాబ్దాల తర్వాత చరిత్రకు ఆధారమైంది. ఈ రంగంలో ఇంతకన్నా విలువైన జ్ఞాపిక లేదనే చెప్పాలి.

సామాన్య అభిమాని చేతికి జ్ఞాపిక అందింది మాత్రం టికెట్ రూపంలో. 1973 జూన్ 9న న్యూయార్క్‌లో జరిగిన బెల్‌మాంట్ స్టేక్స్‌ పందెంలో సెక్రటేరియట్ అనే గుర్రం 2 నిమిషాల 24 సెకన్లలో పరుగు ముగించి, 31 గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. ఒకే ఏడాది మూడు ప్రధాన పందేలు గెలిస్తే వచ్చే ట్రిపుల్ క్రౌన్, పాతికేళ్లుగా ఏ గుర్రానికీ దక్కనిది, దానితో దక్కింది. ఆ గుర్రంపై రెండు డాలర్లు కాసినవారికి తిరిగి వచ్చేది 2.20 డాలర్లే. ఆ ఇరవై సెంట్ల లాభం కోసం టికెట్ వదులుకోవడం చాలామందికి ఇష్టం లేకపోయింది. అలా 5,617 గెలుపు టికెట్లకు ఎవరూ డబ్బు తీసుకోలేదు. పందెం కౌంటరు ముద్రించిన కాగితం కాబట్టి అది ఏ పందేనిదో అదే చెబుతుంది.

లాడం అలా చెప్పలేదు. పందేలకు కట్టే తేలికపాటి అల్యూమినియం లాడాలను కొన్ని వారాలకోసారి మారుస్తారు. ఒక గుర్రం తన కాలంలో ఎన్నో జతలు వాడుతుంది. చూపులకు అన్నీ ఒకటే. అందుకే ఇప్పుడు సేకర్తలు లాడం కట్టినవాడి సంతకంతో కూడిన పత్రం, ఊడదీసిన తేదీ, చేతులు మారిన వివరాలు అడుగుతున్నారు. జీను గుడ్డలను, జాకీ చొక్కాలను పందెం నాటి ఫొటోలతో మడత మడతా, మరక మరకా పోల్చి చూస్తున్నారు. వెంట్రుకలుంటే డీఎన్ఏ పరీక్షకూ వీలుంది. పత్రం లేని లాడాన్ని చాంపియన్ లాడం ధరకు కొనకూడదు.