ఉమ్మడి ముంగిలికి ముందు గోడ

ఎవరి ఇల్లు వారికి ఉంటూ వంటశాల, ఉమ్మడి భవనం పంచుకునే కాలనీలే కోహౌసింగ్. డెన్మార్క్‌లో దాని చరిత్ర రాసేవారు ఎక్కువగా 1960ల ఆదర్శాల దగ్గరే కథ మొదలుపెడతారు. 1964లో యాన్ గుద్మన్ హోయర్ అనే ఆర్కిటెక్ట్ మిత్రులను కూడగట్టడం, 1967లో పిల్లల పెంపకం పదిమందిదీ కావాలని బోదిల్ గ్రో పత్రికలో రాయడం, 1972లో సెట్టెడామెన్ కాలనీలో 27 ఇళ్లు లేవడం. ఈ తేదీలతో నాకు పేచీ లేదు. ఇదంతా ఏకాంతం మీద తిరుగుబాటు అనడంతోనే పేచీ.

కోహౌసింగ్ వాడుకున్న వరుస ఇళ్లు అక్కడ కొత్తేమీ కాదు. కోపెన్‌హాగన్‌లో కార్మికులకు కట్టిన వరుసలు 1873 నాటివి. 1920లలో ఆర్కిటెక్ట్‌లు బెంట్‌సెన్, హెన్నింగ్‌సెన్ తోటలున్న వరుస ఇళ్లు కట్టారు. అసలు మలుపు 1950ల చివర హెల్సింగోర్‌లో ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ కట్టిన కింగో ఇళ్లు. 15 మీటర్ల చదరపు స్థలంలో రెండు వైపులా ఇల్లు, మిగతా రెండు వైపులా ఇటుక గోడ, మధ్యలో పెరడు. గోడ ఎత్తు అన్నిచోట్లా ఒకటి కాదు. బయటి పచ్చిక కనపడాల్సిన చోట దిగుతుంది, పక్కింటి చూపు పడేచోట లేస్తుంది. గోడల అవతలి పచ్చికకు మాత్రం కంచెలు లేవు, అది అందరిదీ. తన ఆకాశం తనకు దక్కినవాడు పచ్చికలో వాటా అడగడు.

ఉట్జన్ అక్కడ ఉమ్మడి వంటశాల కట్టలేదు, నిజమే. హోయర్ ఆయన్నే అనుసరించాడని చెప్పడమూ నా ఉద్దేశం కాదు. అయితే హోయర్ బృందం 1964 నాటి ప్లాన్ చూడండి: ఉమ్మడి భవనం, ఈతకొలను చుట్టూ 12 వరుస ఇళ్లు. ఎవరి ఇల్లు వారికి పూర్తిగా ఉంది. అధికారులు ఒప్పుకున్నా, పిల్లల గోల పెరుగుతుందని ఇరుగుపొరుగు అడ్డుపడి దాన్ని ఆపేశారు. ఏకాంతం ప్రశ్న తొలి అడుగులోనే ఎదురైందన్నమాట. తర్వాతి కాలనీలు దానికి జవాబు ప్లాన్‌లోనే వెతికాయి. కార్లు అంచుకే ఆగుతాయి. వంటింటి కిటికీ నడకదారి వైపు, పడకగదులు వెనకవైపు. దారికీ గుమ్మానికీ నడుమ ఒక బల్ల, నాలుగు మొక్కలు పట్టేంత జాగా. మన వీధి అరుగు చేసిన పనే అది. కూర్చుంటే మాట కలపవచ్చు, లోపలికి వెళ్తే ఎవరూ పిలవరు.

1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 26 ఇళ్లతో అమెరికా కోహౌసింగ్‌ను అందుకుంది. అయితే ఇప్పుడు 'కమ్యూనిటీ' అంటే ఎక్కువగా క్లబ్ హౌస్ అనే అర్థమే మిగిలింది. హైదరాబాద్ శివార్ల విల్లాలదీ అదే తీరు: జిమ్, కొలను గేటు దగ్గర, కారు గుమ్మందాకా, వంటిల్లు వాస్తు చూపిన మూలకు. గోడలున్నాయి, ఉమ్మడి భవనమూ ఉంది, నడుమనుండే ఆ జాగా పోయింది. దీన్ని ఇరుగుపొరుగు అనడం నాకు సమ్మతం కాదు. ఇల్లు కొనేవారు క్లబ్ హౌస్ చదరపు అడుగులు లెక్కపెట్టే ముందు, వంటింటి కిటికీ ఎటు తెరుచుకుంటుందో లేఅవుట్‌లో ఒకసారి చూసుకోండి.