యాత్రికుల బండియు, ఆకాశమువంక డిష్షును



మా కూర్మన్నపాలెమున రామాలయపు అరుగుమీద ఇటీవల నొక తగవు పుట్టినది. పండ్రెండుమంది వృద్ధులము కలసి రామేశ్వరయాత్ర చేయదలచి, పడకలును వంటగదియు గల బస్సొకదానిని కుదుర్చుకొనుచున్నాము. ఇట్టి బండిని ఇప్పుడు క్యారవాను అనుచున్నారు. అందు టీవీ యుండవలెనని అందఱికిని కోరిక. దానికి డిష్షు ఏది యనుటయే తగవు. బస్సు పైకప్పునకు బిగించి, మీట నొక్కగానే తనంత తానే ఉపగ్రహమును వెదకుకొను గుమ్మటమువంటి దానిని కొందఱు మెచ్చిరి. ఇంటి మేడమీది డిష్షునే విప్పి వెంట తీసికొనిపోవుదమని మఱికొందఱనిరి. ఒకరి మనుమడు, “చేతిలో సెల్‌ఫోనుండగా ఇదంతయు నేల తాతా?” అని నవ్వెను. నన్ను తీర్పరిగా నిలిపిరి.

నేను తెలుగుబడి పండితుడనుగాని యంత్రశాస్త్రజ్ఞుడను గాను. అయినను ఈ డిష్షునకొక చరిత్ర కలదు. అది తెలిసినవానికి ఈ తగవులో సగము తనంతనే తీరును. కనుక ముందుగా చరిత్రయే విన్నవించెదను.

ఆర్థర్ క్లార్క్ అను ఆంగ్లేయుడు 1945 అక్టోబరులో ఒక వ్యాసము ప్రకటించెను. భూమధ్యరేఖకు సరిగా పైన, సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున ఒక యంత్రమును తిరుగనిచ్చినచో, అది భూమితోపాటు దినమునకొక చుట్టు తిరుగుచు, మన కంటికి ధ్రువునివలె కదలక నిలిచియుండునని అందు నిరూపించెను. భేదమొక్కటే: ధ్రువుడు ఉత్తరమున నుండును, ఈ కృత్రిమ ధ్రువులు భూమధ్యరేఖపై నుండుటచే మనదేశమువారికి ఎల్లప్పుడును దక్షిణపు ప్రక్కనే యుండును. కొన్ని తూర్పునకు జరిగియుండును, కొన్ని పడమరకు. ఉత్తరమువంక తిరిగిన డిష్షు మన యూళ్లలో నెవరికైన కనబడినచో, దానిని పెట్టినవాడు పొరబడెనని నిశ్చయింపవచ్చును.

తెలుగునాట ఇట్టి డిష్షులు పల్లెలలో మొదట వెలసినది 1975 ఆగస్టు 1వ తేదీన. అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహమును ఒక సంవత్సరము ఎరువు తెచ్చుకొనుటకు విక్రమ్ సారాభాయి 1969లోనే ఒడంబడిక కుదిర్చియుండెను. ఆయన 1971 డిసెంబరు 30న గతించుటచే ఆ ఫలము చూడలేదు. దేశమున ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములను ఎన్నుకొనిరి. మన తెలుగువారికి మెదకు, మహబూబునగరు, హైదరాబాదు, కర్నూలు జిల్లాల పల్లెలు దక్కినవి. మా విశాఖ జిల్లాకు ఆ భాగ్యము లేకపోయెను. టీవీ పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ఈ.సీ.ఐ.ఎల్. సంస్థయే. కరెంటు లేని చోట్ల బ్యాటరీలతో నడచునట్టి పెట్టెలను గూడ నిచ్చిరి. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు ప్రసారము జరిగెడిది. ఆ కాలమును తెలుగు, కన్నడము, హిందీ, ఒరియా అను నాలుగు భాషలవారును పంచుకొనవలసియుండెను. తెలుగువారికిని కన్నడమువారికిని బొమ్మ యొక్కటియే, మాట మాత్రము వేఱు. బొమ్మవెంట రెండు భాషల ధ్వనులును దిగివచ్చుచుండగా, ఏ యూరికి కావలసిన దానిని ఆ యూరి పెట్టె పట్టుకొనెడిది.

ఆనాటి డిష్షును గూర్చి యొకింత చెప్పవలెను. అది పది అడుగుల వెడల్పు. కోళ్లగూళ్లకు కట్టునట్టి తీగవలను చట్రమునకు బిగించి చేసినది. అంత పెద్దది ఎందులకనగా, ఆ ఉపగ్రహము పంపిన తరంగము పొడవు ఇంచుమించు జానెడున్నర. పొడవైన తరంగమును సన్నని దారిలో నొకచోటికి కూర్చవలెనన్న పళ్లెము పెద్దది కావలెను. తీగవల చాలుటకును అదియే హేతువు: తరంగము జానెడున్నర యైనప్పుడు చిన్న కన్నములు దానికి అడ్డు గావు. ఆ ఉపగ్రహము ఆఫ్రికాఖండముపైన 35 డిగ్రీల తూర్పురేఖయందుండెను. హైదరాబాదునుండి చూచువారికది పడమటిదిక్కున, ఆకాశమున కేవలము 37 డిగ్రీల యెత్తులో నుండును. కావున ఆ పల్లెల డిష్షులన్నియు అస్తమయదిక్కునకు తిరిగియుండెడివి. పది మీటర్ల చెట్టొకటి ఆ దిక్కున పదమూడు మీటర్ల లోపల నున్నచో బొమ్మ దక్కదు.

ఏడాది తీరినది. 1976 జులై 31తో ప్రసారములు నిలిచినవి. ఎరువు సొమ్ము గడువు తీరగానే వెళ్లిపోయెను. మనకు స్వంతముగా ఉపగ్రహముండవలెనను పట్టుదల దీనివలన బలపడెనని నా యభిప్రాయము.

ఆ పట్టుదలకు ఫలముగా 1981 జూన్ 19న యాపిల్ అను మన ఉపగ్రహమొకటి ఆకాశమునకేగెను. దానిని పరీక్షించునప్పుడు లోహపు బండిపై నుంచినచో తరంగములు చెదరునని, ఎద్దులబండిమీద పెట్టి పరీక్షించిరి. ఆ ఛాయాచిత్రమును మీలో పెక్కుమంది చూచియేయుందురు. బండికిని ఉపగ్రహమునకును గల చుట్టరికము మా రామాలయపు అరుగుమీద పుట్టినది కాదన్నమాట! పిమ్మట 1983లో ఇన్సాట్-1బీ వచ్చెను. 1991నుండి విదేశపు ఉపగ్రహముల కార్యక్రమములను పెద్ద డిష్షులతో పట్టి, వీధి వీధికిని తీగలు లాగి అమ్ముకొను కేబులువారు బయలుదేఱిరి. మా కూర్మన్నపాలెమున ఉక్కు కర్మాగారపు కార్మికుల యిండ్లమధ్య ఆ నల్లతీగలు పందిరివలె వ్రేలాడెడివి. 1995 ఆగస్టు 27న ఈటీవీ ఆరంభమైనది.

ఇంటింటికి చిన్న డిష్షు పెట్టుకొను పద్ధతిని ప్రభుత్వము 1997లో నిషేధించి, 2000లో అనుమతించెను. 2004 డిసెంబరు 16న దూరదర్శన్‌వారు నెలసరి రుసుము లేని డీడీ డైరెక్ట్ ప్లస్ సేవను ప్రారంభించిరి. దానినే ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అనుచున్నారు. ఇందలి తరంగము పొడవు ఒక అంగుళము మాత్రమే. అందువలననే పది అడుగుల పళ్లెము రెండడుగులకు దిగి, ఒక మనుష్యుని చంకకు సరిపడినది. యాత్రికుని బండికి డిష్షు చేరుట సాధ్యమైనది అప్పటినుండియే. కాని చిన్న తరంగమునకొక దోషము కలదు: జోరువానలో చినుకులకే అది చిక్కువడును. పూర్వము మచ్చలతోనైనను బొమ్మ కనబడెడిది. నేటి బొమ్మ యున్నచో పూర్తిగా నుండును, లేనిచో ముక్కలై మాయమగును.

ఇక మా కథకు వచ్చెదను. 2014 అక్టోబరులో మేము ఇట్టి బస్సులోనే కాశికి పోయియుంటిమి. అప్పుడు నేనే ముందుపడి, ఒక వర్తకుని మాట నమ్మి, పైకప్పుమీది గుమ్మటపు డిష్షును కొనిపించితిని. “ఎక్కడ బండి ఆగినను బొమ్మ వచ్చును” అని యాతడు ప్రమాణము చేసినట్లు చెప్పెను. మాతో వచ్చిన మిత్రుడొకడు ఓడలలో నిస్తంత్రీ యుద్యోగము చేసి విరమించినవాడు. ఆయన మాత్రము తన యింటి పాత డిష్షును, దానికొక ముక్కాలి పీటను, తీగచుట్టను బస్సు కడుపులోని సామానుల పెట్టెలో పడవేసెను. మేము నవ్వితిమి.

12వ తేదీ ఆదివారము మధ్యాహ్నమునకు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీద విరుచుకుపడెను. కాశిలో ఊరిబయట వేపచెట్ల క్రింద మా బస్సు ఆగియున్నది. ఇంటికి ఫోను చేసితిమి, పలుకలేదు. ఇరుగుపొరుగువారికి చేసితిమి, అవియు మూగవోయినవి. మా ఫోనులు బాగుగనే యున్నవి, అవతలి స్తంభములే కూలినవి. నా భార్య ఇంట నొంటరిగా నున్నది. మఱొకరి కోడలు నిండుచూలాలు. పండ్రెండుమందిమి ఒకరి మొగమొకరు చూచుకొనుచు కూర్చుంటిమి. గుమ్మటము అరగంటసేపు గిఱ్ఱున తిరిగి, ఏమియు పట్టలేక ఆగిపోయెను. బస్సును కదల్తమన్న ఆ ఆవరణలో వేఱుచోటు లేదు.

అప్పుడు మా మిత్రుడు, “మేష్టారూ, బండి నీడనే ఉండనివ్వండి. డిష్షును ఎండలోకి పట్టుకెళ్దాం” అనెను. తీగ పొడుగునకు పదునైదు మీటర్ల దూరము నడచి, బయలున ముక్కాలి పీట నిలిపి, దాని కాళ్లపై ఇటుకలు పేర్చి, దిక్సూచి చూచుకొని, డిష్షును కొంచెము కొంచెము త్రిప్పసాగెను. నేను బస్సు వాకిట నిలుచుండి తెరపై గీత పెరుగుట, తగ్గుట కేకవేసి చెప్పుచుంటిని. పది నిమిషములకు దూరదర్శన్ వార్తలు దిగినవి. విమానాశ్రయపు కప్పు చీలియుండుట, చెట్లన్నియు మోడువారియుండుట కన్నులార చూచితిమి. మా వీధి కనబడలేదు. అయినను రహదారులపై చెట్లు కూలినవనియు, కరెంటు లేదనియు, ఎచ్చటికెచ్చటికి దారి తెరచుచున్నారనియు నాలుగు పూటలు విని, ఆ ప్రకారమే ప్రయాణము సాగించితిమి. దారిలో బియ్యము, కొవ్వొత్తులు, త్రాగునీటి డబ్బాలు కొని వేసికొంటిమి. ఇల్లు చేరునప్పటికి నా భార్య ఎదురింటివారితో కలసి వీధిలో పొయ్యి పెట్టి వండుచుండెను. నిండుచూలాలిని పుట్టింటివారు క్షేమముగా దాచుకొనిరి. మా మేడమీది డిష్షు రెండిండ్ల అవతలి నూతిలో దొరికినది.

గుమ్మటమును ఆ వర్తకుడు వాపసు తీసికొనలేదు. దానిని దూషించుటయు న్యాయము కాదు. డాల్ఫిన్ కొండమీదనుండి రేవువంక చూచినచో ఓడలపై తెల్లని గుమ్మటములు కనబడును. ఊగులాడు ఓడకు అవియే తగినవి, ఏలయనగా సముద్రములో చెట్లు లేవు. బండి విషయము వేఱు. బండి నీడను కోరును, డిష్షు ఆకాశమును కోరును. రెంటిని ఒకటిగా బిగించినచో ఏదో యొకటి నష్టపోవును. 1975లో పల్లెబడుల డిష్షు ఆవరణలో వేఱుగా, పెట్టె లోపల వేఱుగా నుండుటలోని యుక్తియు నిదియే.

కావున నేను చెప్పిన తీర్పు ఇది. ముక్కాలి పీటపై నిలుచు విడి డిష్షు, పదునైదు ఇరువది మీటర్ల తీగ, బండి బ్యాటరీతో 12 వోల్టులపై నేరుగా నడచు సెట్ టాప్ బాక్సు, అట్టిదే చిన్న టీవీ. రెండును కలసి 40 వాట్లు తినునని పట్టుకొన్నచో, నూఱు ఆంపియర్-గంటల బ్యాటరీలో సగము ఖర్చుపెట్టియే పదునైదు గంటలు చూడవచ్చును. బండిని లేపు బ్యాటరీ వేఱు, టీవీ బ్యాటరీ వేఱుగా నుండవలెను. లేనిచో తెల్లవారి అందఱును దిగి బస్సును త్రోయవలసివచ్చును. నెలసరి రుసుము పుచ్చుకొను కంపెనీల సేవలలో తెలుగు ఛానళ్లు ఎక్కువ. కాని ఏడాదికొక నెల తిరుగువానికి ఫ్రీ డిష్ చాలును. వార్తలును, మన సప్తగిరి, యాదగిరి ఛానళ్లును వచ్చును. మనుమని మాటయు కొట్టివేయదగినది కాదు. పట్టణములలో ఫోను చాలును. అరకులోయ దారులవంటి కొండకనుమలలో మాత్రము అది తఱచు మూగవోవును.

దిక్కు చూచుటలో ఒక్క సంగతి. ఫ్రీ డిష్‌నకు ఆధారమగు జీశాట్-15 ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పురేఖయందున్నది. కూర్మన్నపాలెమునుండి అది దక్షిణమునకు తూర్పుగా 31 డిగ్రీలు జరిగి, 66 డిగ్రీల యెత్తున నుండును. అంత యెత్తున నుండుటచే పది మీటర్ల చెట్టైనను నాలుగున్నర మీటర్ల దూరము దాటినచో అడ్డురాదు. అరకులోయలోని కొండలకు వెఱవనక్కరలేదు. తలపైని కొమ్మలనే చూచుకొనవలెను. కాశిలో నది 58 డిగ్రీలకు దిగి, దక్షిణమునకు మఱింత దగ్గరగును. రామేశ్వరమున 70 డిగ్రీలకెక్కి, ఆగ్నేయమును దాటి తూర్పువంకకు జరుగును. పంచాంగములో ఊరూరికి ఉదయాస్తమయములు మాఱునట్లే యిదియును. కంటికి మాత్రము డిష్షు ఇంచుమించు 25 డిగ్రీలు క్రిందికి చూచుచున్నట్లు తోచును, దాని ఒంపు అట్టిది, అందుచేత మోసపోరాదు. దిక్సూచిని ఇనుప బస్సుకు పదియడుగుల దూరమున పట్టి చూడవలెను.

రామేశ్వరమునకు కార్తికములో పోవుచున్నాము. అది అచ్చటి వానకాలము. అందుచేత రెండడుగుల దానికి బదులు మూడడుగుల డిష్షు కొందమని నిశ్చయించితిమి. ఆ నిస్తంత్రీ మిత్రుడిప్పుడు లేడు. ఆయన పాత డిష్షును నేనే దాచియుంచితిని. దాని వెనుక తెల్లరంగుతో ఆయన వ్రాసిన “కాశి 58” అను గుఱుతు చెరగలేదు. మొన్న సాయంకాలము క్రొత్త డిష్షు రాగానే దాని వెనుకను అదే రంగుతో “రామేశ్వరము 70” అని వ్రాసి, ఆరుటకు అరుగుమీద బోర్లించితిని.