ఫాండ్యూ: కాపరుల కథ, అమ్మకందారుల కథ

చలికాలం రాగానే స్విట్జర్లాండులో భోజనాల బల్ల మీదికి ఒక మట్టిపాత్ర వస్తుంది. పేరు కకెలోన్. అందులో వైనుతో కలిసి కరిగిన చీజు, కింద చిన్న దీపం, చుట్టూ పొడుగాటి ఫోర్కులకు రొట్టెముక్కలు గుచ్చి ముంచుకునే నలుగురు. ఇదే ఫాండ్యూ, ఫ్రెంచిలో కరిగినది అని అర్థం. చీజు అనగానే మన జున్ను తలపుకు రాకూడదు. జున్ను ముర్రుపాల వంటకం. చీజు పాలను విరిచి, నీరు పిండి, నెలల తరబడి మాగబెట్టినది.

మంచులో చిక్కుకున్న ఆల్ప్స్ పశువుల కాపరులు ఎండిపోయిన రొట్టెనూ, గట్టిపడిన చీజునూ పారవేయలేక ఈ వంట కనిపెట్టారని ఒక కథ ఉంది. వినసొంపైనదే కానీ, చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు. వైనులో చీజు వండే పద్ధతి 1699 నాటి ఒక వంటల పుస్తకంలో కనిపిస్తుంది. ఆ పుస్తకం కొండల మీది గుడిసెది కాదు, జూరిచ్ నగరానిది. 1825లో ఫ్రెంచి రచయిత బ్రియా-సవారె ఫాండ్యూ పేరిట వివరించిన వంటలో కోడిగుడ్లున్నాయి!

మరి ఇది జాతీయ వంటకం ఎలా అయింది? 1914లో స్విస్ చీజ్ యూనియన్ ఏర్పడింది. పాలధరను నిర్ణయించడం, చీజును కొనడం, అమ్మడం దాని చేతిలో ఉండేవి. 1930లలో ఆ సంస్థే ఫాండ్యూను దేశమంతటి వంటకమని ప్రచారం చేసింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సైనిక దళాలకు ఫాండ్యూ సామగ్రిని పంపింది. 1964 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో అమెరికన్లకు రుచి చూపించారు. 1999లో యూనియన్ రద్దయింది, వంట మిగిలింది.

రుచి మాత్రం ప్రచారం వల్ల వచ్చినది కాదు. చీజులోని కేసీన్ అనే మాంసకృత్తును కాల్షియం బిగించి ఉంచుతుంది. వైనులోని పులుపు ఆ కాల్షియాన్ని కొంత లాగివేయగా చీజు ముద్దకట్టక, నూనె విడవక జారుగా కరుగుతుంది. సన్నని సెగ మీద కలుపుతూ ఉండాలి, కొంచెం పిండి చేర్చాలి. ఫ్రిబూర్ ప్రాంతంలో గ్రుయేర్, వాషెరాన్ చీజులు సగం సగం వేస్తారు. చివర అడుగంటిన చెక్కను గీకి పంచుకుంటారు. మాడుచెక్క కోసం పోటీపడిన మనకు ఆ సంబరం వేరే చెప్పాలా?

కనుక ఫాండ్యూ బూటకమని నేననను. నా అభ్యంతరం ఒక్కటే. ఊహలోని కాపరిని నిలబెట్టిన ఆ కథ, నిజంగా ఉన్న మనుషులను మరుగున పడవేసింది. తమ పాలకు గిట్టుబాటు ధర నిలవాలని ఎదురుచూసిన రైతులు, మూడు శతాబ్దాల క్రితం వైనులో చీజు కలిపిన నగరపు వంటగత్తెలు: ఈ వంట వెనుక ఉన్నది వీరు. ఆ కుండ దగ్గర తలచుకోవలసినదీ వీరినే.