విద్యున్నిద్ర

పుదుచ్చేరిలోని కదిర్కామమున ఇందిరాగాంధీ వైద్య కళాశాల కలదు, 2010లో ఏర్పడినది. చేరువనే గోరిమేడునందు జిప్మర్ ఉన్నది. దాని మూలము 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాల. గోదావరీ తీరపు తెలుగు యానాము కూడ ఈ ప్రాంతమునకే చెందినది. అచ్చటినుండి నిద్రపట్టని రోగి యొకడు వచ్చి, మందు మ్రింగకయే విద్యుత్తుతో నిద్ర తెప్పింతురట గదా యని యడిగినచో వైద్యుడేమి చెప్పవలెను? ఆ ప్రశ్న వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది.

1902లో, పుదుచ్చేరి ఇంకను ఫ్రెంచి పాలనలో నుండగా, ఫ్రాన్సులోని నాంత్ పట్టణమున స్తెఫాన్ లెడ్యూక్ అను ఆచార్యుడు ఆగి యాగి ప్రవహించు విద్యుత్తును జంతువుల తలకు సోకించి వానిని మైకమున ముంచెను. పిమ్మట ఆ ప్రయోగమును తన మీదనే చేయించుకొనెను. సాహసమే, కాని అది మైకము, నిద్ర కాదు. ఈ భేదము చాలకాలము మరుగున పడెను.

నిద్ర యను పేరు దానికి సోవియట్ దేశమున స్థిరపడెను. మెదడునందు నిరోధము వ్యాపించుటయే నిద్ర యనియు, ఒకే తీరున మరల మరల సోకు మెల్లని ప్రేరణ దానిని వ్యాపింపజేయుననియు పావ్లోవ్ మతము. తల్లి జోకొట్టుటలోని రహస్య మిదియే కాబోలు. 1940ల చివర గిల్యరోవ్‌స్కీ, లివెంత్సెవ్ మున్నగువారు రోగి మూసిన కన్నులపైనను చెవుల వెనుకను ఎలక్ట్రోడులుంచి సన్నని విద్యుత్ స్పందనలను పంపిరి. 1966లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున దీనిపై అంతర్జాతీయ సభయే జరిగెను.

వారి మాటను తెలుగున విద్యున్నిద్ర యందుము. సంధిలో రెండు పదములును ఎంత చక్కగా కలిసిపోయినవి! హిందీలో విద్యుత్ నిద్రా యని విడదీసి వ్రాసినచో నడుమ కొంత ఎడమైనను మిగులును. ఆ ఎడమే నిజమునకు దగ్గర. యంత్రము పెట్టినంతమాత్రమున అందరును నిద్రపోవుట లేదని అమెరికాలో పరీక్షించినవారు గ్రహించిరి. కన్నులపై నుంచుట బాధాకరమగుటచే ఎలక్ట్రోడులను వేరుచోట్లకు మార్చిరి. పేరునుండి నిద్రను తొలగించి కపాల విద్యుత్ప్రేరణ చికిత్స యనిరి. తన పేరును తానే సవరించుకొన్న శాస్త్రమన్న నాకు గౌరవము.

1985లో ఇంగ్లండునందలి షెఫీల్డులో బార్కరు బృందము తలకు తీగె తగిలింపకయే అయస్కాంత క్షేత్రముచే మెదడును ప్రేరేపింపవచ్చునని చూపెను. సెకనుకొక్క స్పందన చొప్పున ఈ పద్ధతిని నిద్రలేమికిని వాడి చూచిరి. కొందరికి మేలు కనబడినది. కాని పనిచేయని యంత్రమును తలపై నుంచినవారిలోను కొందరు మునుపటికన్న హాయిగా నిద్రించిరి! యంత్రమువలన వచ్చిన నిద్ర యేది, నమ్మికవలన వచ్చినది యేది? 2018లో కపాల ప్రేరణపై పరిశోధనలను సమీక్షించినవారు నిద్రలేమి విషయమున ఆధారములు చాలవనిరి. మరుసటి యేడే అమెరికా ప్రభుత్వము నిద్రలేమికి వాడు ఆ యంత్రములపై కట్టడిని కొంత సడలించెను.

వారమునకు మూడు రాత్రులైనను, మూడు నెలలపాటు, నిద్ర చెడినచో దానిని దీర్ఘ నిద్రలేమి యందురు. దానికి 2016లో అమెరికా వైద్యుల కళాశాల మొదట సూచించినది విద్యుత్తును కాదు, మందును కాదు: పడక చేరు వేళను, మేల్కొను వేళను, నిద్రను గూర్చిన భయమును సరిదిద్దు మాటల చికిత్స. యంత్రమునకు భాష అక్కరలేదు, దీనికి కావలెను. తమిళ నగరమున యానాము రోగి తన రాత్రులను తెలుగుననే చెప్పుకొనును, వినువా డుండవలెను.