వేరుకు చుట్టమైన బూజు

పాకాల రైలు కూడలికి చుట్టుపట్ల గల ఎఱ్ఱనేలలలో వేరుశనగ వానను నమ్ముకొని పండు పైరు. చిత్తూరు సీమవారికి ఇది శెనిక్కాయ. ఎఱ్ఱనేలలోని ఇనుము భాస్వరమును పట్టి బంధించును. కావున ఎరువు వేసినను అందు కొంత భాగమే మొక్కకు దక్కును. పైగా వేరుశనగకు ఇతర మొక్కలకువలె మూలకేశములు సమృద్ధిగా నుండవు. ఈ లోటును తీర్చునది వేరులో కాపురముండు ఒక సూక్ష్మమైన బూజు. దాని పోగులు వేరు అందుకొనలేని మట్టిలోనికి ప్రాకి భాస్వరమును తెచ్చును. కూలిగా మొక్కనుండి చక్కెరను, క్రొవ్వును పుచ్చుకొనును.

ఇట్టి పొత్తునకు పేరు పెట్టినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్. ట్రఫుల్ అను విలువగల భూగర్భశిలీంధ్రమును సాగుచేయు ఉపాయము చూడుమని ప్రష్యా ప్రభుత్వము ఆయనను నియోగించెను. ట్రఫుల్ సాగు అటుంచి, చెట్ల వేళ్లను బూజు తొడుగువలె కప్పియుండుట ఆయన కంటబడెను. ఆ బూజు చెట్టును పోషించుచున్నదని చెప్పి, 1885లో దీనికి ‘మైకోరైజా’ యని పేరిడెను. నాడు పెక్కుమంది దీనిని నమ్మలేదు. ఆయన మొదట వర్ణించినది వేరుపై తొడుగు. వేరుశనగలోనిది వేరు లోపలనే యుండు మఱియొక తెగ.

చిత్రమేమనగా, బూజు తెగుళ్లపై ప్రసిద్ధికెక్కిన బోర్డో మిశ్రమమును మిల్లార్డే ప్రకటించినదియు ఆ 1885లోనే. ఫ్రాన్సులో దారి ప్రక్కన ద్రాక్షపండ్లను బాటసారులు కోసికొనకుండుటకై తోటవారు తీగలపై మైలతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగలకు తెగులు సోకకుండుట 1882లో ఆయన గమనించెను. దొంగలకై వేసిన మందు తెగులుకు పనికివచ్చినది!

చంపు మందుకును, పోషించు బూజునకును గల వైరము చాలకాలము ఎవరికిని తట్టలేదు. 1950 దశకమున ఇంగ్లండులో బార్బరా మాస్ లోపలితెగ బూజు గల ఆపిల్ మొలకలు ఏపుగా పెరుగుట చూపెను. 1972లో అమెరికాలో క్లైన్‌ష్మిట్, గెర్డెమన్ అనువారు, విషవాయువుతో శుద్ధిచేసిన మళ్లలో చీనీజాతి మొలకలు గిడసబారుటకు కారణము ఈ బూజు నశించుటయే యని కనుగొనిరి.

1968 ప్రాంతమున బెనోమిల్ బజారుకు వచ్చినది. మట్టిలో పోసినచో వేరుబూజును ఎంతగా అణచునంటే, ఆ బూజు లేనిచో గడ్డి యెట్లుండునో చూచుటకు కాన్సాస్ పరిశోధకులు దానినే పనిముట్టుగా వాడుకొనిరి. 2001లో డ్యూపాంట్ సంస్థ దాని తయారీని మానుకొన్నది. కాని బెనోమిల్ విడివడగా వచ్చు కార్బెండజిమ్ వేరుశనగ ఆకుమచ్చకు మన దేశమున వాడబడుచున్నది. బూజుకణములు విభజింపబడుటకు కావలసిన సన్నని నాళికలను కట్టనీయకుండుట దాని పని. మంచిబూజేదో, చెడ్డబూజేదో అది ఎఱుగదు.

ఆకుపై చల్లినపుడు మట్టికి చేరునది తక్కువ, నష్టమును తక్కువ. విత్తనమునకు పట్టించిన మందు తొలి దినములలో బూజు వేరునకు చేరుటను ఆలస్యముచేయ వచ్చును. ఐనను విత్తనశుద్ధి మానినచో మొదలుకుళ్లు మొలకలనే తినివేయును; బూజుకై పైరును పోగొట్టుకొను రైతు ఉండడు గదా. మందులన్నియు ఒక్కతీరు కావు. నీటిబూజుల తెగపై పనిచేయు మెటలాక్సిల్ వేరుబూజునకు హాని చేయకపోవుటయే కాక, కొన్ని ప్రయోగములలో అది వేరున మఱింతగా వ్యాపించినట్లు కనబడినది.