బొమ్మను అంకెలుగా చదివిన యంత్రము

గణనయంత్రమునకు అంకెలు తప్ప మరొకటి తెలియదు. అట్టిదానికి ఛాయాచిత్రమును చూపుట ఎట్లు? 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్, ఆయన సహచరులు ఈ చిక్కును విప్పిరి. చిత్రమును తిరిగెడు డ్రమ్ముకు చుట్టి, దానినుండి తిరిగివచ్చు కాంతిని చుక్క చుక్కగా కొలిచి, సీయాక్ యంత్రమునకు అందించిరి.

మొదట ఎక్కినది కిర్ష్ గారి మూడు నెలల కుమారుని బొమ్మ. అడ్డముగా 176, నిలువుగా 176, వెరసి 30,976 చుక్కలు. ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో కావలెను. నడిమి ఛాయలకు చోటు లేదు. మరి పసివాని బుగ్గమీది నీడ ఎట్లు నిలుచును? నలుపు తెలుపుల హద్దును మార్చుచు అదే చిత్రమును పలుమారులు చదివించి, ఫలితములను కలిపిరి. బూడిదవన్నెలు వచ్చినవి! చుక్కను చదరముగా తీసికొనుట మాత్రము ఆయనకు తృప్తినీయలేదు. 2010లో సైతము వేరు ఆకారములను సూచించినాడు.

పుస్తకమును డ్రమ్ముకు చుట్టలేము గదా! 1969లో బెల్ ప్రయోగశాలలలో బాయిల్, స్మిత్ రూపకల్పన చేసిన సి.సి.డి. ఇందుకు దారి చూపినది. 1976లో రే కర్జ్‌వైల్ అంధులకొరకు వెలువరించిన పఠనయంత్రములో పుట బల్లపరుపు అద్దముపై కదలక యుండును. కాంతిగ్రాహకమే దానిక్రింద కదలును.

ఇక భద్రపరచుట. 1992లో ప్రమాణముగా స్థిరపడిన జేపెగ్ పద్ధతి, కంటికి అంతగా ఆనని వివరములను వదలి చిత్రమును కుదించును. దిద్ది మరల మరల దాచినకొలది నష్టము పెరుగును. అందుచే తెలిసినవారు మూలప్రతిని నష్టములేని రూపమున వేరుగా నుంచి, నకలును మాత్రమే దిద్దుదురు.